వార్తను పరీక్షించడం కూడా సోషల్ పాఠమే
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శిగారు నాకిచ్చిన విషయం "విద్యార్థులు - వార్తాపత్రికలు". సాధారణంగా ఈ విషయం మీద మాట్లాడేవారు, "రోజూ పేపరు చదవండి, జనరల్ నాలెడ్జి పెరుగుతుంది, సర్వీస్ కమిషన్ పరీక్షలకు పనికొస్తుంది" అని చెప్పి కూర్చుంటారు. సోషల్ మాస్టారుగా నేనూ ఎన్నో ఏళ్ళు అదే చెప్పాను. అందులో తప్పేమీ లేదు గాని, అది సగం మాట. పేపరు చదవడం వేరు, పేపరు చెప్పినదాన్ని పరీక్షించడం వేరు. ఈ రెండోది నేను నా పిల్లలకు చాలాకాలం నేర్పలేదు. ఎందుకు నేర్పవలసి వచ్చిందో ముందు అది మనవి చేస్తాను.

2017 ఫిబ్రవరిలో 'ఘాజీ' సినిమా వచ్చింది. మన ఊరి సముద్రంలో జరిగిన కథ గనుక పిల్లలంతా చూశారు. నేను అప్పుడు పనిచేస్తున్న హైస్కూల్లో తొమ్మిదో తరగతి పరీక్ష పెడితే, 1971 యుద్ధం గురించి అడిగిన ప్రశ్నకు సగం మంది సినిమా కథ రాశారు. మన జలాంతర్గామి ఎస్-21 నీళ్ళలో పోరాడి పాకిస్తాన్ ఘాజీని ముంచేసిందని వివరంగా, చక్కని దస్తూరీతో రాశారు. ఒక కుర్రాడైతే కెప్టెన్ మాట్లాడిన డైలాగులు కూడా రాశాడు! నాకు నవ్వొచ్చింది. మార్కులు తగ్గించి ఊరుకున్నాను.

నవ్వు రాని సంగతి ఇంకొకటి వుంది. ఆ క్లాసులో మన పిల్లవాడు ఒకడు వుండేవాడు. తండ్రి హార్బర్లో పనిచేసేవాడు. సినిమా వచ్చిన వారం నుంచి తోటి పిల్లలు వాణ్ణి "ఏరా ఘాజీ" అని పిలవడం మొదలుపెట్టారు. పిల్లల వేళాకోళమే, లోపల విషం పెట్టుకుని అన్నది కాదు. కాని వాడు వెనక బెంచీకి మారిపోయాడు. వారం రోజులకి వాళ్ళ అమ్మ వచ్చి, "మాస్టారూ, మా వాడు బడికి రానంటున్నాడు" అంది. నేను క్లాసులో నలుగురిని కేకలేశాను. దాంతో పిలవడం ఆగింది. కాని కేకలేస్తే నోరు మూసుకుంటారే గాని మనసులోది మారుతుందా? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సినిమా చెప్పింది చరిత్ర కాదని నిరూపించవలసింది సోషల్ మాస్టారే గదా, కేకలేయడానికైతే డ్రిల్లు మాస్టారు చాలు!

మర్నాడు శనివారం. హెడ్మాస్టరుగారి అనుమతి తీసుకుని క్లాసు మొత్తాన్ని బీచ్ రోడ్డుకి తీసుకువెళ్ళాను. 2002 నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియంగా అక్కడే వుంది, ఎదురుగా 1971 యుద్ధ విజయ స్మారకం వుంది. ముందు కురుసుర లోపలికి వెళ్ళాం. "ఇదే ఘాజీని ముంచింది కదండీ?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. కాదు, ఆ యుద్ధకాలంలో కురుసుర అరేబియా సముద్రంలో వుంది. బయటికి వచ్చి ఇసుకలో కూర్చోబెట్టి, మీకు తెలిసిందంతా ఎవరు చెప్పారో రాయండి అన్నాను. ఏం జరిగిందని అడగలేదు, ఎవరు చెప్పారని మాత్రమే అడిగాను. సినిమా, సినిమా, అన్నయ్య, యూట్యూబు, సినిమా. ఒక్కడు మాత్రం "మా తాతయ్య. ఆయన చేపల వేటకి వెళ్ళేవాడు" అని రాశాడు.

అప్పుడు నేను తెచ్చిన కాగితాలు తీశాను. మన నౌకాదళం చెప్పేదేమిటంటే, 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి, హార్బరు నుంచి బయలుదేరిన ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుట్ అనే యుద్ధనౌక నీటిలో ఏదో అలజడి కనిపిస్తే డెప్త్ చార్జీలు వేసింది, ఆ తర్వాత పెద్ద పేలుడు వినిపించింది, ఘాజీ మునిగింది. రాజ్‌పుట్ నీటిపైన తిరిగే నౌక, జలాంతర్గామి కాదు. పాకిస్తాన్ చెప్పేది మరొకటి: తమ జలాంతర్గామి మందుపాతరలు అమరుస్తున్నప్పుడు లోపలి పేలుడు వల్లనో, సొంత మందుపాతర వల్లనో మునిగిందని. మన సైన్యంలోనే పెద్ద పదవి చేసిన లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ గారు కూడా అది ప్రమాదమేనని తర్వాత చెప్పారు. ఎలా మునిగినా, అందులో వున్న 90 మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. తేలివచ్చిన వస్తువులను మొదట చూసినవారు మన జాలర్లు.

ఇక్కడ పిల్లలకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. ఘాజీ వచ్చింది విక్రాంత్ అనే విమానవాహక నౌక కోసం. దాన్ని అంతకు ముందే అండమాన్ వైపు పంపించేశారు. కాని విశాఖలోనే వుందని శత్రువు అనుకోవాలి గదా! అందుకని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ గారు రాజ్‌పుట్ నుంచి విక్రాంత్ మాట్లాడుతున్నట్టుగా వైర్‌లెస్ సందేశాలు పంపించారు. బజారులో మాంసం, కూరగాయలు భారీగా ఆర్డరిచ్చారట, పెద్ద ఓడ వచ్చిందని ఊరంతా చెప్పుకునేలాగ. అంటే మన ఊరి బజారే ఒక వార్తాపత్రికగా పనిచేసింది, అదీ కావాలని వేసిన తప్పుడు వార్తతో! "అయితే మాస్టారూ, తప్పుడు వార్త మంచిది కూడానా?" అని ఒక అమ్మాయి అడిగింది. అరగంట వాదించుకున్నారు. నేను జవాబు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేను.

వెనక బెంచీ కుర్రాడు ఆ రోజు ఒక్క మాట అన్నాడు. "సినిమా మొదట్లోనే ఇది కల్పితమని వేశారు కదండీ, అది ఎవరూ చదవలేదా?" అని. వాడొక్కడే చదివాడు. ఎందుకు చదివాడో ఇక్కడున్న మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత సోమవారం వాడు ముందు బెంచీకి వచ్చాడు.

ఇది సినిమా సంగతి. దీనివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. కాని మనుషుల్ని చంపిన వీడియోలు వున్నాయి. 2013లో ముజఫర్‌నగర్‌లో గొడవలు రేగినప్పుడు, ఇద్దరు యువకుల్ని జనం కొట్టి చంపుతున్న వీడియో ఒకటి అక్కడిదేనని చేతులు మారింది. నిజానికి అది 2010లో పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో ఇద్దరు అన్నదమ్ముల్ని చంపినప్పటిది. ముజఫర్‌నగర్ అల్లర్లలో 60 మందికి పైగా పోయారు. అంతా ఆ వీడియో వల్లే అనను, అలా అనడం కూడా మరో అబద్ధమవుతుంది. కాని రగులుతున్న మంటలో అది నెయ్యి పోసింది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని మన తెలుగు జిల్లాల్లో కూడా వాట్సాప్‌లో వచ్చింది, అమాయకులు దెబ్బలు తిన్నారు. ఆ జూలైలో హైదరాబాదు నుంచి స్నేహితులతో బీదర్ వైపు వెళ్ళిన మన కుర్రాడొకడు, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఇదే అనుమానంతో కొట్టిన దెబ్బలకు ప్రాణం విడిచాడు. వాళ్ళు చేసిందల్లా దారిలో పిల్లలకు చాక్లెట్లు ఇవ్వడం. ఆ రోజుల్లో తిరిగిన ఒక వీడియోలో మోటారు సైకిలు మీద వచ్చినవాడు పిల్లవాణ్ణి ఎత్తుకుపోతాడు. అది కరాచీలో పిల్లల రక్షణ కోసం తీసిన ప్రచార చిత్రం. పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, బోర్డు చూపించే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. అందుకే నేను పిల్లలకు ముందు నేర్పేది, కనిపించేది చూడ్డం కాదు, చివర ఏం కోసేశారో అడగడం.

2020 ఏప్రిల్ గుర్తుందిగా. ఢిల్లీ మర్కజ్ సంగతి బయటపడిన తర్వాత నెల రోజులు టీవీ పెట్టాలంటే మన ఇళ్ళలో భయం. ముంబైలో ఒక విచారణ ఖైదీ పోలీసు మీద ఉమ్మిన ఫిబ్రవరి నాటి పాత వీడియోను, జమాత్ మనిషి కరోనా అంటించడానికి ఉమ్ముతున్నాడని తిప్పారు. మా వీధిలో తోపుడుబండి మీద పళ్ళు అమ్ముకునే భాయ్ ఒకాయన ఇరవై ఏళ్ళుగా తిరిగే కాలనీకి వెళితే, "నువ్వు రావద్దు బాబూ" అన్నారు. తిట్టలేదు, మర్యాదగానే అన్నారు. ఆయనకి మర్యాదే ఎక్కువ బాధ కలిగించింది. ఆ ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులు కొట్టివేస్తూ, పత్రికలు, టీవీలు చేసిన ప్రచారాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ తీర్పు వార్త లోపలి పేజీలో రెండు కాలాలు వచ్చింది. ఏప్రిల్‌లో మొదటి పేజీలో ఎన్ని కాలాలు వచ్చిందో మీకు తెలుసు. ఈ కొలతే పిల్లల చేత స్కేలు పెట్టి కొలిపించాలి. సెంటీమీటర్లలో! అది లెక్కల పాఠమూ అవుతుంది, సోషల్ పాఠమూ అవుతుంది.

ఇక్కడికి కొందరు తలలు ఊపుతున్నారు, మాస్టారు బాగా చెబుతున్నాడని. కాస్త ఆగండి. మన వంతు కూడా చెప్పుకోవాలి. 2017లో మీజిల్స్ రుబెల్లా టీకాలు బళ్ళలో వేసినప్పుడు, ఆ టీకా వేస్తే పిల్లలు పుట్టరని, ఇది మన జనాభా తగ్గించే కుట్ర అని గొంతు సందేశాలు ఎవరి గ్రూపుల్లో తిరిగాయి? తమిళనాడు, కేరళ నుంచి మొదలై మన దాకా వచ్చాయి. నా ఫోనుకి కూడా వచ్చాయి, నాకు పంపించినవాడు చదువుకున్నవాడే. మన మీద అబద్ధం వస్తే కత్తిలా పరీక్షిస్తాం, మనకి నచ్చిన అబద్ధం వస్తే "మాషా అల్లాహ్" అని పదిమందికి పంపిస్తాం. ఇదేం న్యాయం? సూరా హుజురాత్‌లో వార్త తెచ్చినవాడెవడో చూసి, విచారించుకున్నాకనే కదలమన్న ఆజ్ఞ వుందే, అది మన గ్రూపులకి వర్తించదా?

పెద్దలు ఉలేమా ఇక్కడ వున్నారు, తప్పైతే సరిదిద్దండి. ఇమామ్ బుఖారీ గారు ఒక హదీసు విన్నప్పుడు మాట ఎంత బాగుందో మాత్రమే చూడలేదు, ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చిందో గొలుసు మొత్తం చూశారు. మధ్యలో ఒక రావీ జ్ఞాపకశక్తి లేనివాడని తేలినా, ఇద్దరు ఒకరినొకరు కలుసుకునే అవకాశమే లేదని తేలినా అది నిలబడలేదు. సనద్ లేని మాటకు విలువ లేదు. పన్నెండు వందల ఏళ్ళ కిందట గుర్రాలు, ఒంటెల మీద తిరిగి చేసిన పని అది. మనం కూర్చున్నచోటే వేలితో నొక్కి "ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్" అని పంపిస్తున్నాం. అంటే రావీలందరూ అజ్ఞాతం! నేను మన పిల్లలకి ఈ పాఠం చెప్పేటప్పుడు సనద్ అనే మాటే వాడతాను, వెంటనే పట్టుకుంటారు. హిందూ పిల్లలకు చెప్పేటప్పుడు సాక్ష్యం అంటాను, గొలుసు అంటాను. పని ఒక్కటే.

అయితే సర్కారు చెప్పింది నమ్మండి, మిగతాది వదిలేయండి అంటే సరిపోతుందా అంటే, అదీ సరిపోదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ రాత్రి మళ్ళీ లీకయిందని మాట పుట్టి, గోపాలపట్నం, సింహాచలం వైపు జనం అర్ధరాత్రి పిల్లల్ని చంకనేసుకుని రోడ్లమీద పడ్డారు. పుకారని కొందరు అధికారులు, ఖాళీ చేయండని మరో అధికారి. అలాంటప్పుడు సామాన్యుడు ఏం చెయ్యాలి? పొద్దున్న విషవాయువు పీల్చినవాడు రాత్రి పరుగెత్తితే వాణ్ణి అజ్ఞాని అనడానికి నాకు నోరు రాదు. కాని ఎవరు ఎక్కడ నిలబడి చెబుతున్నారు, వాళ్ళకి తెలిసే వీలుందా, ఇంకెవరు చెబుతున్నారు అని అడగడం అలవాటైనవాడు, పరుగెత్తినా సరైన దిక్కుకి పరుగెత్తుతాడు.

ఇక బడి సంగతి. ఇది కొత్త సబ్జెక్టు కానక్కర్లేదు. 1982 జనవరిలోనే పశ్చిమ జర్మనీలోని గ్రున్వాల్డ్‌లో యునెస్కో పిలిచిన సమావేశంలో 19 దేశాలవారు, మాధ్యమాలను అర్థం చేసుకోవడం బడిలో నేర్పాలని ప్రకటన చేశారు. మన దేశంలో ఎన్.సి.ఇ.ఆర్.టి. 2007లో తెచ్చిన ఏడో తరగతి పుస్తకంలో మాధ్యమాల మీద ఒక పాఠం, ప్రకటనల మీద ఒక పాఠం పెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఎనిమిదో తరగతి సోషల్‌లో సినిమాల మీద, పత్రికల మీద పాఠం వుండేది. ఎలా చెప్పేవాళ్ళమో చెప్పమంటారా? సంవత్సరాంతంలో, సిలబస్ పూర్తి చెయ్యాలి గనుక, ఒక పీరియడ్‌లో చదివించి నాలుగు ప్రశ్నలకి జవాబులు రాయించి ముగించేవాళ్ళం. నేనూ అంతే. పబ్లిక్ పరీక్షలో రానిదానికి అంతకన్నా మర్యాద ఎక్కడ దొరుకుతుంది? కేరళలో కణ్ణూరు జిల్లా కలెక్టరు మీర్ మొహమ్మద్ అలీ గారు 2018లో 'సత్యమేవ జయతే' పేరుతో 150 ప్రభుత్వ పాఠశాలల్లో తప్పుడు వార్తల్ని గుర్తించడం నేర్పించారు. అక్కడ టీకా పుకార్లు చూసే ఆయన ఆ పనికి పూనుకున్నారు. కలెక్టరు పూనుకుంటే 150 బళ్ళలో జరిగింది. ఒక మాస్టారు పూనుకుంటే ఒక క్లాసులో జరుగుతుంది.

మాస్టర్లకు భయాలు వున్నాయి, అవి దాచను. పేపరు క్లాసులోకి తెస్తే రాజకీయం తెచ్చాడంటారు. మన ఊరు పత్రికలకి పుట్టిల్లు, 1974 ఆగస్టు 10న ఈనాడు మొదలైంది ఇక్కడే. తర్వాత ఎన్ని పత్రికలు, ఎన్ని ఛానళ్ళు! ఒక్కొక్కదాని వెనుక ఎవరున్నారో పెద్దవాళ్ళందరికీ తెలుసు, పిల్లలకు మాత్రం చెప్పం. నేను ఆదివారాలు మన సంఘం హాల్లో పదో తరగతి పిల్లలకు చెబుతున్నాను కదా, 2025 జనవరిలో స్టీల్ ప్లాంటుకి కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు నాలుగు పేపర్లు కొని తెచ్చాను. 1966లో "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" అని ప్రాణాలిచ్చిన ఊరు ఇది. 2021 జనవరిలో నూరు శాతం వాటాల అమ్మకానికి నిర్ణయం జరిగినప్పటి నుంచి ఈ పిల్లల ఇళ్ళలో అదే మాట. ఏ పేపరు ఏది మొదటి పేజీలో పెట్టింది, ఏ మాట వాడింది, ఎవరి ఫోటో వేసింది, ఎవర్ని అడిగి రాసింది, పట్టీ గీసి నింపమన్నాను. ఒకదాంట్లో పండుగ, ఇంకొకదాంట్లో అనుమానం. అమ్మకం నిర్ణయం రద్దయిందా లేదా అన్నది రెండిట్లో వెతికినా పిల్లలకు దొరకలేదు.

అప్పుడు ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, మా అబ్బా అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. కాంట్రాక్టు వాళ్ళ సంగతి నాలుగు పేపర్లలో ఒక్కదాంట్లోనే వుంది, అదీ లోపల" అంది. నేను ఆ గడి పట్టీలో పెట్టనే లేదు. ఎవర్ని అడగలేదు అనే గడి. ఆ అమ్మాయి చేత బోర్డు మీద ఆ గడి వేయించాను, అందరూ తమ తమ కాగితాల మీద వేసుకున్నారు. ఆ గడి నిండడానికి ఇంకో గంట పట్టింది.

కార్యవర్గాన్ని నేను కోరేది పెద్దదేమీ కాదు. స్కాలర్‌షిప్పుల డబ్బు ముట్టుకోనక్కర్లేదు. హాలు పక్కనున్న గదిలో కుర్చీలు పేర్చి వుంచారు, వాటిని తీసేసి ఆ గది ఇప్పించండి. నాలుగు తెలుగు పేపర్లు, ఒక ఉర్దూ పేపరు, ఒక ఇంగ్లీషు పేపరు నెల చందా కట్టండి. వెనుక కూర్చున్న తల్లులు ఇంట్లో పాత పేపర్లు కిలోల లెక్కన అమ్మేసే ముందు, 2020 ఏప్రిల్ నాటివి ఎవరి దగ్గరైనా వుంటే నాకు పంపించండి. పాత పేపర్లలో చేపలు చుట్టి ఇచ్చే ఊరు మనది, దొరకడం కష్టమని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఇంకా ఫోనులో మీకు వచ్చిన సందేశాల్లో ఇది నిజమా అని అనుమానం వచ్చినవి ఆదివారం జొహర్ నమాజు తర్వాత పిల్లలకు చూపించండి. వాళ్ళు గొలుసు వెతుకుతారు. రెండు వారాల్లో తేలకపోతే, తేలలేదు అనే రాసి గోడకి అంటిస్తారు.

సమయం మించిందని అధ్యక్షులవారు గంట చూపిస్తున్నారు. తర్వాత బహుమతి ప్రదానం వుంది, పిల్లలు ఎదురుచూస్తున్నారు. సెలవు. ఖుదా హాఫిజ్.